జవాబులోనే గడువు ఉంది

గడువు జవాబులోనే ఉంది. చదవనిది నేనే. ఆ ఒక్క వరుస చదివి ఉంటే ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు ముందు దూది బేళ్ల లారీలు రాత్రంతా నిలబడాల్సిన పని ఉండేది కాదు. నాకంటే వయసులో చాలా పెద్దవాడైన గుమాస్తా ఒకాయన నా తెలివితక్కువతనానికి తన జీతంలోంచి డబ్బు కట్టాల్సి వచ్చేదీ కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇలాంటి ప్రోగ్రాములు రాసే పిల్లలు ఇప్పుడు మా వైపు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లకు పనికొస్తుంది.

మాది మద్దికెర. నల్లరేగడి, వాన మీద ఆధారం, పత్తి, వేరుశనగ. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి, పెరవలి చేలల్లో వజ్రాల కోసం జనం తలలు వంచుకుని తిరిగే సీమ ఇది. పత్తి పండితే మాత్రం చూపు ఆదోని మీదే. యార్డు అక్కడ, జిన్నింగ్ మిల్లులు అక్కడ, కొనేవాళ్లు అక్కడ. పెద్దవాళ్లు ఆ ఊరిని రెండో ముంబై అనడం నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. కంప్యూటర్ చదువు అయ్యాక నేను హైదరాబాదు పోలేదు. మద్దికెరలో రైలెక్కి గుంతకల్లులో మారి ఆదోనికి వెళ్లేవాణ్ణి. మిల్లుల్లో కాంటా లెక్కలు, బేళ్ల స్టాకు, బిల్లులు చూసే ప్రోగ్రాములు రాసేవాణ్ణి. నచ్చిన పనే, అందులో గర్వమూ ఉండేది. ఆ గర్వం నాకు ఎంత అడ్డుపడిందో తర్వాత తెలిసింది.

2022 అక్టోబరు 1 నుంచి సంవత్సరానికి 10 కోట్ల రూపాయలు దాటిన టర్నోవరు ఉన్న వ్యాపారులందరూ ఈ-ఇన్‌వాయిస్ చేయాలన్నారు. అంతకుముందే 2020 అక్టోబరులో 500 కోట్లు దాటినవాళ్లతో మొదలుపెట్టి 100, 50, 20 కోట్లు అంటూ దించుకుంటూ వచ్చారు. 10 కోట్లంటే ఆదోనిలో ఒక మాదిరి మిల్లు కూడా అందులోకి వస్తుంది. ఇకమీదట మిల్లు రాసుకున్న బిల్లు ఒక్కటే చాలదు. దాని వివరాలు జీఎస్టీ ఇన్‌వాయిస్ రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు పంపితే అక్కడినుంచి 64 అక్షరాల ఒక సంఖ్య, సంతకం చేసిన క్యూఆర్ కోడు తిరిగి రావాలి. అవి లేని బిల్లు చట్టం లెక్కలో బిల్లే కాదు. ఈ-వేబిల్లు కూడా అదే దారిలో తీసుకోవచ్చు. వేబిల్లు లేకుండా 50,000 రూపాయలు దాటిన సరుకు రోడ్డెక్కకూడదు.

లెక్క ఒకటి వేస్తే దీని బరువు తెలుస్తుంది. లారీకి వంద బేళ్లు, బేలు 170 కిలోలు. అంటే 17,000 కిలోలు. ఖండి 356 కిలోల చొప్పున దాదాపు 48 ఖండ్లు. ఖండి ధర 60,000 అనుకుంటే సరుకు విలువ 28 లక్షలు దాటుతుంది. దాని మీద 5 శాతం పన్ను లక్షా 43 వేల దాకా వస్తుంది. కాగితం సరిగా లేక దారిలో పట్టుబడితే సరుకు యజమాని ముందుకొచ్చి కట్టాల్సిన జరిమానా ఆ పన్నుకు రెండింతలు, అంటే సుమారు 2 లక్షల 86 వేలు. 2022 జనవరి నుంచి ఉన్న రూలు ఇది. అందుకే బిల్లు చేతికి రాకుండా ఏ మిల్లూ లారీని గేటు దాటించదు.

బిల్లులు ఎక్కువున్న మిల్లులో పోర్టల్ తెరిచి ఒక్కొక్కటీ టైపు చేస్తూ కూర్చోలేరు. మిల్లు ప్రోగ్రామే ఆ పోర్టల్‌తో మాట్లాడాలి. ఆ పని నాకప్పగించారు. మధ్యలో అనుమతి పొందిన ఒక సంస్థ ద్వారా దారి ఇచ్చారు. క్లయింట్ ఐడీ, క్లయింట్ సీక్రెట్, యూజర్ పేరు, పాస్‌వర్డు నా చేతికొచ్చాయి.

సెషన్ టోకెన్ సంగతి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. నా తప్పంతా అక్కడే ఉంది.

వెబ్ సర్వీసుకు జ్ఞాపకం ఉండదు. ఇప్పుడు అడిగినవాడే ఒక నిమిషం తర్వాత మళ్లీ అడిగినా, వీడే వాడని దానికి తెలియదు. వెబ్‌కు పునాది అయిన హెచ్‌టీటీపీ పద్ధతే అంత. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లి కుకీ అనేదాన్ని తయారుచేసింది ఈ లోటు తీర్చడానికే. ప్రతిసారీ పాస్‌వర్డు పంపితే పని జరుగుతుంది. కానీ అన్నిసార్లు దారిలో పెడితే ఏదో ఒకసారి పరాయి చేతిలో పడుతుంది. అందుకని పాస్‌వర్డు ఒక్కసారి చూపించి, దానికి బదులు కొంతకాలమే చెల్లే ఒక టోకెన్ తీసుకుంటారు. ఆ తర్వాతి పనులన్నీ టోకెన్‌తోనే. ఆదోని యార్డులోకి పత్తి బండి వచ్చినప్పుడు గేటు దగ్గర ఇచ్చే చీటీ లాంటిది అది. ఆ రోజుకు ఆ బండికి లోపల పని జరుగుతుంది, మర్నాడు అదే చీటీ చూపిస్తే ఎవరూ పట్టించుకోరు.

ఈ-ఇన్‌వాయిస్‌లో ఇది ఇంకొంచెం కట్టుదిట్టంగా ఉంటుంది. మన ప్రోగ్రాము ముందుగా 32 బైట్ల యాప్ కీ ఒకటి అప్పటికప్పుడు పుట్టించుకుంటుంది. యూజర్ పేరు, పాస్‌వర్డు, ఆ యాప్ కీ కలిపి, పోర్టల్ అందరికీ ఇచ్చిన పబ్లిక్ కీతో తాళం వేసి పంపుతుంది. ఆ తాళం తీయగల కీ పోర్టల్ దగ్గరే ఉంటుంది. జవాబులో రెండు ముఖ్యమైనవి వస్తాయి. ఒకటి టోకెన్. రెండోది సెషన్ కీ, అదీ మనం పంపిన యాప్ కీతోనే తాళం వేసి ఉంటుంది. దాన్ని విప్పుకుని, ఆ సెషన్ కీతో బిల్లు వివరాలకు తాళం వేసి, టోకెన్‌ను హెడర్‌లో పెట్టి పంపాలి. పాస్‌వర్డు మళ్లీ రోడ్డెక్కదు. దారిలో ఎవరైనా చూసినా వాళ్లకు కనిపించేది అర్థంలేని అక్షరాలే.

అదే జవాబులో మూడో వరుస ఇంకొకటి ఉంటుంది. దాని పేరు టోకెన్ ఎక్స్‌పైరీ. తేదీ, గంట, నిమిషం, సెకను. టోకెన్ ఇచ్చిన ఆరు గంటల తర్వాతి సమయం అందులో రాసి ఉంటుంది.

నేను మొదటి రెండూ తీసుకున్నాను. మూడోదాన్ని వదిలేశాను.

టోకెన్ దొరకడానికే నాకు చాలా రోజులు పట్టింది. పబ్లిక్ కీ ఫైలు సరిగా చదవలేదు, ప్యాడింగ్ తప్పు పెట్టాను, ఒకచోట బేస్ 64 చేయడం మరిచాను. ఆ కష్టమంతా పడ్డాక స్టేటస్ 1 అని జవాబు వస్తే పని అయిపోయిందనుకున్నాను. టోకెన్ చేతికి రావడంతో అసలు పని మొదలవుతుందని నాకు తోచలేదు. ప్రోగ్రాము తెరవగానే ఒక టోకెన్ తెచ్చుకుని, మూసేదాకా అదే వాడేటట్టు రాశాను. పొద్దున పది గంటలకు పరీక్షించాను, బిల్లులు పోయాయి. మర్నాడు మళ్లీ పది గంటలకే పరీక్షించాను, అప్పుడూ పోయాయి. మిల్లు యజమానికి అయిపోయిందని చెప్పాను.

ఆ ఏడాది విజయదశమి అక్టోబరు 5న వచ్చింది. దసరాకు మా ఊళ్లో యాదవరాజుల వంశీయులు బొజ్జనాయునిపేట భోగేశ్వరాలయం నుంచి మద్దికెర దాకా గుర్రాల మీద వస్తారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ చూడటానికి కదిలొస్తాయి. ఆ జనంలో నిలబడి, మిల్లు కంప్యూటరును జీఎస్టీ కంప్యూటరుతో కలిపింది నేనేనని తెలిసినవాళ్లందరికీ చెప్పుకున్నాను. ఆ మాట నాకిప్పటికీ గుర్తుకొస్తూనే ఉంటుంది.

పండగ వెళ్లాక పత్తి రాక పెరిగింది. మిల్లులో పొద్దంతా జిన్నింగ్, ప్రెస్సింగ్ నడుస్తుంది. బేళ్లు తయారై, కాంటా అయి, లారీకి ఎత్తేసరికి సాయంత్రం అవుతుంది. అసలు బిల్లులన్నీ అప్పుడే. ఆఫీసు పదికి తెరిస్తే టోకెన్ నాలుగుకు చచ్చిపోతుంది. తమిళనాడు స్పిన్నింగ్ మిల్లులకు పోయే లారీలు బయల్దేరేది ఐదు తర్వాత. అంటే నా ప్రోగ్రాము ఏ వేళకు అవసరమో సరిగ్గా ఆ వేళకే పనిచేయడం మానేస్తోంది. నేనేమో మూడింటికే బయల్దేరి గుంతకల్లు రైలు పట్టుకునేవాణ్ణి.

సాయంత్రం ఫోన్ వచ్చేది. బిల్లు పోవడం లేదనేవారు. సర్వరు మీద రద్దీ ఉంటుంది, దేశమంతా ఈ వేళకే పంపిస్తారు, గంట ఆగి చూడండి అని చెప్పేవాణ్ణి. నేను నమ్మిందే చెప్పాను. పైగా ప్రోగ్రాములో పోర్టల్ ఏ కారణం చెప్పి తిప్పిపంపినా తెర మీద ఒకే మాట కనబడేటట్టు రాసి పెట్టాను: సర్వరు అందుబాటులో లేదు. పోర్టల్ ప్రతిసారీ 1005 అనే సంఖ్య వేసి, టోకెన్ చెల్లదు అని స్పష్టంగా చెప్తూనే ఉంది. ఆ మాట తుడిచేసి, దాని స్థానంలో నా ఊహను చూపించాను. ఈ మొత్తంలో నేను చేసిన అతి పెద్ద తెలివితక్కువ పని ఇదేనని నా తీర్పు. గడువు చూసుకోకపోవడం ఒక పొరపాటు. పొరపాటును చెప్పే నోరు నొక్కేయడం అంతకంటే చాలా పెద్దది.

ఆ కంప్యూటరు ముందు కూర్చునే గుమాస్తా ఆస్పరి వైపు మనిషి. పదో తరగతితో చదువు ఆపేసి మిల్లుల్లోనే తల నెరిసిన మనిషి. ఒకరోజు నేను బయల్దేరుతుంటే ఆపి చెప్పాడు.

"పొద్దున ఏసినవి పోతాండాయి అప్పా, మాపు ఏసినవే నిలిచిపోతాండాయి. రోజూ అంతే."

"సాయంత్రం రద్దీ అన్నా, మన చేతిలో లేదు."

"రద్దీ గాదేమో. మొన్న కరెంటు పోయి కంప్యూటరు మళ్లీ లేసినాంక అప్పటికప్పుడే పాయె. మూసి తెరిస్తే పోతాదేమో సూడప్పా."

నిదానంగా, మర్యాదగా, కావలసిన సాక్ష్యమంతా నా ముందు పెట్టాడు. పొద్దున పనిచేస్తుంది, మాపు చేయదు, మళ్లీ తెరిస్తే చేస్తుంది. ఇంతకంటే సూటిగా ఏ ఇంజినీరూ చెప్పలేడు. నేను వినలేదు. కరెంటు పోయినంత సేపట్లో రద్దీ తగ్గి ఉంటుందన్నాను. మాటిమాటికీ మూసి తెరిస్తే డేటా చెడిపోతుంది, ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. డేటా చెడిపోతుందని నాకేమీ తెలియదు. ఆయన చెప్పింది నిజమైతే తప్పు నాదవుతుందని లోపల ఎక్కడో అనిపించి ఆ మాట అన్నాను. ఆయన తలూపి ఊరుకున్నాడు. ఆ తర్వాత మూయలేదు.

ఒక సాయంత్రం రెండు లారీలు నిండి నిలబడ్డాయి. ఫోన్లో ఎప్పటిలాగే గంట ఆగమన్నాను, ఆ గంటా పోయాక మళ్లీ ఆగమన్నాను. రాత్రి గేటు మూశారు. పొద్దున ఆఫీసు తెరవగానే బిల్లులు పోయాయి. సరుకు ఒకరోజు ఆలస్యం, లారీలు నిలిచినందుకు హాల్టింగ్ డబ్బు. కొనుగోలుదారు ఫోన్ చేసి యజమానిని గట్టిగా అడిగాడు. యజమాని మమ్మల్నిద్దరినీ పిలిచాడు. వేళకు బిల్లు వేయకపోతే ఎలా అన్నట్టుగా నేను, బిల్లులు ఇంకాస్త ముందు పెడితే రద్దీ తగలదని చెప్పాను. అది గుమాస్తా మీద నేరం మోపడమే. హాల్టింగ్ డబ్బు ఆయన జీతంలో పట్టుకోమన్నాడు యజమాని. ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. నేను నోరు తెరవలేదు.

తెలిసింది డిసెంబరులో. మరో మిల్లుకు ఇలాంటి పనే ఒప్పుకుని, పాత ఫైళ్లు తిరగేస్తున్నాను. పోర్టల్ నుంచి వచ్చిన ప్రతి జవాబూ ఒక ఫైలులో రాసి పెట్టేటట్టు మొదట్లో నేనే చేశాను, తర్వాత ఒక్కసారీ తెరవలేదు. తెరిస్తే పేజీలకు పేజీలు 1005. ప్రతిరోజూ మొదటి 1005 ఎన్ని గంటలకు వచ్చిందో, ఆ రోజు ప్రోగ్రాము ఎప్పుడు తెరిచారో పక్కపక్కన పెట్టి చూశాను. ఎక్కడా ఆరు గంటల లోపు లేదు. ఇంకా పైకి పోతే నేను తెచ్చుకున్న మొట్టమొదటి జవాబు ఉంది. టోకెన్, సెషన్ కీ, వాటి కింద టోకెన్ ఎక్స్‌పైరీ. అక్టోబరు మొదటివారం నుంచి అది నా ఫైలులోనే ఉంది.

అప్పుడైనా నింపాదిగా ఆలోచించలేదు. తొందరలో ఇంకో తెలివితక్కువ పని చేశాను. ప్రతి బిల్లుకూ కొత్త టోకెన్ అడిగేటట్టు మార్చాను. గడువు లోపల ఎన్నిసార్లు అడిగినా ఆ పోర్టల్ పాత టోకెన్‌నే తిరిగి ఇస్తుంది. బలవంతంగా కొత్తది ఇమ్మని అడిగే వీలు ఒకటుంది కానీ అది గడువు చివరి పది నిమిషాల్లోనే పనిచేస్తుంది. అంటే నేను సాధించింది పాస్‌వర్డును ఆరు గంటలకు ఒకసారి పంపాల్సిన చోట బిల్లు బిల్లుకూ పంపడం. టోకెన్ అనేది ఎందుకు పుట్టిందో ఆ కారణాన్నే కొట్టేశాను. నిబంధనల కాగితం మొదటిసారి మొదటి నుంచి చివరి దాకా చదివాక గానీ ఇది తెలియలేదు. అప్పుడు సరిచేశాను. టోకెన్‌తో పాటు గడువునూ దాచుకోవడం, ప్రతి బిల్లుకు ముందు ఆ గడువు చూసుకోవడం, చివరి పది నిమిషాల్లో పడితే కొత్తది తెచ్చుకోవడం, ఎంత చూసుకున్నా 1005 వస్తే ఒకే ఒక్కసారి కొత్త టోకెన్‌తో మళ్లీ ప్రయత్నించడం, అప్పటికీ పోకపోతే పోర్టల్ చెప్పిన మాటను చెప్పినట్టే తెర మీద పెట్టడం. ఇంకొకటి కూడా ఉంది. పాత కంప్యూటర్లలో బ్యాటరీ పోయి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం వెనక్కి పోతుంటుంది. ఆ గడియారంతో గడువు పోల్చుకుంటే చచ్చిన టోకెన్ కూడా బతికే ఉన్నట్టు కనబడుతుంది. కాబట్టి ప్రోగ్రాము తెరవగానే గడియారం సరిచూసుకోవాలి.

ఈ పని చేస్తుంటేనే ఇంకో తప్పు కళ్లబడింది. క్లయింట్ సీక్రెట్, పాస్‌వర్డు రెండూ నేను కోడులోనే రాసి పెట్టాను. ఆ కోడు నా పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఆ పెన్‌డ్రైవ్ గుంతకల్లులో జిరాక్సు షాపుల్లో పెట్టాను, స్నేహితులకు ఇచ్చాను, ఇంకో మిల్లులో నమూనా చూపించడానికి ఆ కోడు మొత్తం కాపీ చేసి ఇచ్చాను. అది దొరికినవాడు ఆ మిల్లు పేరు మీద లేని సరుకుకు బిల్లులు పుట్టించగలడు. దొంగ బిల్లులతో పన్ను ఎగవేసిన కేసులు దేశంలో ఎన్నో ఉన్నాయి. అలాంటి బిల్లు మీద ఆ మిల్లు జీఎస్టీ నంబరు కనబడితే అధికారులు మొదట తట్టేది ఆ యజమాని తలుపే. టోకెన్ పోతే ఆరు గంటల్లో దానంతటదే చస్తుంది. సీక్రెట్ పోతే ఎవరో ఒకరు గమనించి మార్చేదాకా బతికే ఉంటుంది. ఏమీ జరగలేదు. అది నా జాగ్రత్త వల్ల కాదు.

యజమాని దగ్గరకెళ్లి మొత్తం చెప్పాను. సీక్రెట్ సంగతి చెప్పినప్పుడు ఆయన ముఖం మారింది. పాస్‌వర్డు నా ముందే మార్పించి, కొత్త సీక్రెట్‌కు అర్జీ పెట్టించాడు. హాల్టింగ్ డబ్బు గుమాస్తాకు తిరిగి ఇప్పించాడు, అది నా లెక్కలో పట్టుకున్నాడు. అది న్యాయం.

తర్వాత గుమాస్తా దగ్గరకు పోయి, తప్పు నాదన్నా, మీరు ముందే చెప్పారు, నేను వినలేదు అన్నాను. ఆయన కోపపడలేదు. "చెప్తి గదప్పా," అన్నాడు, అంతే. బిల్టీల కట్ట ముందుకు లాక్కుని పనిలో పడ్డాడు. ఆ రెండు మాటలు నాకు తగలాల్సిన చోటే తగిలాయి.

ఆ తర్వాత ఈ-ఇన్‌వాయిస్ పరిమితి 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లకు దిగింది. చిన్న చిన్న మిల్లులూ, నూనె మిల్లులూ, ఎరువుల వ్యాపారులూ అందులోకి వచ్చారు. ఈ ప్రోగ్రాములు రాసేవాళ్లు పత్తికొండలో, ఎమ్మిగనూరులో, ఆలూరులో, మా మద్దికెరలో కూడా ఉన్నారు. వాళ్లలో సగంమంది నా కోడు చూసి నేర్చుకున్నవాళ్లో, నాలాగే ఒంటరిగా తంటాలు పడి నేర్చుకున్నవాళ్లో. వాళ్లకే చెప్తున్నాను. మీరు రాసిన ప్రోగ్రామును సాయంత్రం ఆరు గంటలకు, లారీ నిలబడి ఉండగా, గుమాస్తా పక్కన కూర్చుని ఒక్కసారి నడిపి చూడండి. పోర్టల్ పంపే ప్రతి లోపం మాటనూ ఆయన కంటికి కనబడనివ్వండి. మీ క్లయింట్ సీక్రెట్ కోడులో రాసి ఉంటే, ఆ కోడు ఎప్పుడైనా మీ చేయి దాటి ఉంటే, రేపటిదాకా ఆగకుండా ఈ పూటే దాన్ని మార్పించండి.